డార్విన్ పచ్చికలో 20 జాతులు

చారిత్రక ప్రదేశాన్ని చూడబోయినవాడు రాళ్ళను చూస్తాడు. శాసనం ఏ లిపిలో ఉన్నది, గోడ ఎవరు కట్టించారు, ద్వారం ఎత్తెంత అని అడుగుతాడు. ఆ రాళ్ళ నడుమ, గోడల వెంట పెరిగిన గడ్డిని మాత్రం కాలితో తొక్కుకుంటూ పోతాడు. అది మొన్నటి వానకు మొలిచిందని, దానికి చరిత్ర అంటూ ఏమీ లేదని సాధారణంగా మనకుండే అభిప్రాయం. ఇది సరి అయిన అభిప్రాయం కాదు. ఒక పచ్చికలో ఏయే మొక్కలున్నవి, అవి గడ్డుకాలం గడపటానికి తమ మొగ్గలను ఎక్కడ దాచుకుంటున్నవి అనే సంగతిని ఓపికగా లెక్కకడితే, ఆ నేలమీద నాగలి నడిచిందా, పశువులు మేసినవా, లేక ఎవరూ పట్టించుకోక వదలివేశారా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఈ విద్య ఎట్లా పుట్టిందో చెప్పటానికి ఒక చారిత్రక ప్రదేశాన్నే తీసుకుందాం. అది కోట కాదు, గుడీ కాదు. ఒక శాస్త్రజ్ఞుడు కాపురమున్న ఇల్లు, దాని చుట్టూ ఉన్న పొలాలు.

ఇంగ్లండులో లండను నగరానికి ఆగ్నేయంగా సుమారు 16 మైళ్ళ దూరాన డౌన్ అనే పల్లె ఉన్నది. అప్పట్లో అది కెంట్ మండలంలోది. 1965 నుండి మహా లండనులో చేరింది. చార్లెస్ డార్విన్ 1842 సెప్టెంబరులో భార్యాబిడ్డలతో వచ్చి ఈ పల్లెలోని ‘డౌన్ హౌస్’ అనే ఇంట్లో స్థిరపడ్డాడు. 1882లో చనిపోయేవరకు, అంటే సుమారు 40 సంవత్సరాలు, అక్కడే ఉన్నాడు. బీగిల్ ఓడమీద అయిదు సంవత్సరాలు భూగోళమంతా చుట్టి వచ్చిన మనిషి ఆ తరువాత మళ్ళీ బ్రిటన్ దాటి వెళ్ళలేదు. ఆయన ప్రయోగశాల అంతా ఆ ఇల్లు, తోట, పక్కనున్న పచ్చికబయళ్ళు, ఊరి చుట్టూ ఉన్న సుద్దగుట్టల వాలులు.

ఆ ప్రాంతంలో నేల అడుగున ఉన్నది సుద్దరాయి. కోట్ల సంవత్సరాల కిందట సముద్రపు అడుగున పేరుకొన్న సూక్ష్మజీవుల పెంకులే ఈ రాయి అయినవి. గుట్టల వాలుల్లో దానిమీద పలుచని మన్ను ఉంటుంది. ఎత్తు ప్రదేశాల్లో మాత్రం చెకుముకి రాళ్ళు కలిసిన బంకమన్ను కప్పుకొని ఉంటుంది. సుద్దనేలలో నీరు నిలవదు, సారమూ తక్కువ. రైతు దృష్టిలో అది పేదనేల. అయితే యూరపులో ఎక్కువ వృక్షజాతులు కలిసిమెలిసి పెరిగే పచ్చికల్లో సుద్దనేలల పచ్చిక ఒకటి. గొర్రెలు బాగా మేసిన పాత సుద్దపచ్చికలో ఒక చదరపు మీటరులో 40 జాతుల దాకా లెక్కించవచ్చు. పేదనేలలో ఇంత వైవిధ్యం ఎందుకు ఉన్నదనే ప్రశ్నను చదువరులు గుర్తుంచుకోవాలి. దీనికి మళ్ళీ వద్దాం.

1855 వేసవిలో డార్విన్ ఒక చిత్రమైన పనికి పూనుకున్నాడు. ఇంటికి దగ్గరలో ‘గ్రేట్ పక్‌లాండ్స్’ అనే పొలం ఉన్నది. అది ఎంతోకాలం సేద్యంలో ఉండి, అప్పటికి 15 సంవత్సరాలుగా బీడు పడి ఉన్నది. దాని పక్కనే అటువంటిదే మరొక పొలం ఇంకా సాగులో ఉన్నది. ఈ రెండు పొలాలలో మొలిచిన ప్రతి మొక్కను సేకరించి, నాగలి మానిన తరువాత ఏవి కొత్తగా వచ్చినవో, ఏవి పోయినవో తెలుసుకోవాలని ఆయన కోరిక. ఈ పనిలో సహాయం చేసినది పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయిని మిస్ థోర్లీ. వేసవి గడిచేసరికి గ్రేట్ పక్‌లాండ్స్‌లో 142 జాతుల మొక్కలు లెక్కకు వచ్చినవి.

గడ్డిజాతులను గుర్తించటం ఎంత కష్టమో వృక్షశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికి తెలుసు. రెక్కలు లేని పువ్వులు, ఒకదానిలాగే ఉండే ఆకులు, భూతద్దం లేనిదే కనిపించని పొలుసులు. డార్విన్‌కు అప్పుడు 46 సంవత్సరాలు. బల్లనత్తల మీద ఎనిమిదేళ్ళు పనిచేసి పెద్ద గ్రంథాలు ప్రకటించిన వాడు. అటువంటివాడు మొట్టమొదటి గడ్డిజాతిని తనంత తాను గుర్తుపట్టగలిగిన రోజున మిత్రుడైన జోసెఫ్ హుకర్‌కు ఉత్తరం వ్రాసి చిన్నపిల్లవాడివలె సంబరపడ్డాడు. మన విద్యార్థులు గడ్డిపరక చూసి నిరుత్సాహపడినప్పుడు ఈ సంగతి చెప్పటం మంచిది.

పొలాల లెక్క ఒక ఎత్తు, ఇంటి పచ్చికలో చేసిన ప్రయోగం ఒక ఎత్తు. చాలా సంవత్సరాలుగా ఒకే విధంగా కోతకు గురి అవుతున్న పచ్చికలో 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు గల ముక్కను ఆయన ఎంచుకున్నాడు. ఆ 12 చదరపు అడుగుల నేలలో 20 జాతుల మొక్కలున్నవి. ఇవి 18 ప్రజాతులకు, 8 కుటుంబాలకు చెందినవి. దగ్గరి చుట్టాలు ఒకచోట ఇమడటం కష్టమని, దూరపు చుట్టాలైతే తలా ఒక విధంగా బ్రతికి ఒకేచోట సర్దుకుంటవని ఆయన ఊహ. 20 జాతులు 18 ప్రజాతులకు చెందటం దానికి అనుకూలంగా కనిపించింది. తరువాత అటువంటి పచ్చిక ముక్కనే కోయకుండా వదలివేశాడు. బలమైన మొక్కలు ఏపుగా పెరిగినవి. 20 జాతులలో 9 జాతులు చచ్చిపోయినవి. నీరు తగ్గలేదు, ఎరువు మారలేదు, పురుగు పట్టలేదు. జరిగినదల్లా కొడవలి ఆగిపోవటం.

మరొక ముక్క కూడా చెప్పాలి. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల నేలను తవ్వి శుభ్రం చేసి, పోటీకి మరే మొక్కా లేకుండా చేసి, దానంతట అది మొలిచే ప్రతి కలుపు మొలకకూ ఆయన గుర్తు పెట్టుకుంటూ వచ్చాడు. 357 మొలకలు వచ్చినవి. 295 నాశనమైనవి, ఎక్కువగా నత్తజాతి పురుగుల వల్ల, కీటకాల వల్ల. ఈ రెండు లెక్కలూ 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథంలో, జీవన సంఘర్షణను గురించిన అధ్యాయంలో ఉన్నవి. ఆ మహాగ్రంథం పేరు వినగానే మనకు గెలపాగస్ దీవుల పిచ్చుకలు గుర్తుకు వస్తాయి. కాని దాని ముఖ్యమైన సాక్ష్యంలో కొంత భాగం ఇంటి వెనక పచ్చికలో నుంచి వచ్చింది.

ఇప్పుడు ప్రశ్న. కోత అనేది మొక్కకు హాని. హాని ఆగినప్పుడు జాతులు పెరగాలి గాని తగ్గటమేమిటి?

దీనికి సమాధానం గడ్డి నిర్మాణంలో ఉన్నది. తోటలోని మందారం కొమ్మను కొస తుంచితే ఆ కొమ్మ పొడవు పెరగటం అక్కడితో ఆగుతుంది, ఎందుకంటే పెరిగే కణజాలం కొసన ఉన్నది. గడ్డిపరక సంగతి వేరు. దాని ఆకు అడుగునుంచి పెరుగుతుంది. ఆవు పైభాగం కొరికివేసినా కింది కణజాలం ఆకును మళ్ళీ పైకి తోస్తుంది. అసలు చిగురుమొగ్గ నేలకు ఆనుకొని, పాత ఆకుల తొడుగులలో దాగి ఉంటుంది. ఇంగ్లండు పచ్చికల్లో గడ్డితోపాటు పెరిగే డైసీ, డాండిలయన్, ప్లాంటేన్ మొదలయిన మొక్కలు కూడా ఇదే ఉపాయం పన్నినవి. (ఈ ప్లాంటేన్ మన అరటి కాదు. పేరు ఒకటే అయినా ఇది నేలబారు మొక్క.) వీటి ఆకులు గులాబిరేకుల వలె నేలమీద పరుచుకుంటాయి, మొగ్గ నడుమ నేలమట్టాన ఉంటుంది. కొడవలి వీటి నెత్తిమీదుగా పోతుంది. కోత వల్ల ఎక్కువ నష్టపోయేది నిటారుగా ఎదిగే మొక్క. కోత ఆగగానే అది లేచి నిలబడుతుంది, కింద పరుచుకున్నవాటికి వెలుతురు అందదు. డార్విన్ పచ్చికలో చనిపోయిన 9 జాతుల చావుకు ఎక్కువ భాగం నీడే కారణమై ఉంటుందని నా అభిప్రాయం.

పేదనేలలో వైవిధ్యం ఎందుకన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం దొరుకుతుంది. సారం లేని నేలలో ఏ మొక్కా మిగతావాటిని నీడలో ముంచేటంతగా ఏపుగా ఎదగలేదు. దీనిని రుజువు చేసిన ప్రయోగం డార్విన్ లెక్క వేసిన మరుసటి ఏడే మొదలయింది. లండనుకు ఉత్తరాన రోథమ్‌స్టెడ్‌లో జాన్ బెన్నెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే ఇద్దరు 1856లో సుమారు 7 ఎకరాల పాత పచ్చికను మళ్ళుగా విడదీసి, ఒక్కొక్క మడికి ఒక్కొక్క ఎరువు వేయటం ప్రారంభించారు. ఎండుగడ్డి దిగుబడి పెంచటమే వారి ఉద్దేశం. కొద్ది సంవత్సరాల్లోనే మళ్ళు ఒకదానికొకటి పోలిక లేకుండా మారిపోయినవి. ఆ ప్రయోగం నేటికీ సాగుతున్నది. ఏ ఎరువూ వేయని మళ్ళలో ఇప్పటికీ 40కి దగ్గరగా జాతులున్నవి. అమ్మోనియం సల్ఫేటు విరివిగా వేసి, సున్నం వేయక, నేల ఆమ్లపూరితమైన మళ్ళలో రెండు మూడు గడ్డిజాతులు మాత్రమే మిగిలినవి. గడ్డి బరువు పెరిగింది, జాతులు పోయినవి.

జాతుల సంఖ్య ఒక కొలత. కాని రెండు దూరదేశాల పచ్చికలను పోల్చాలంటే అది చాలదు. మన దేశంలోని గడ్డిజాతులు వేరు, ఇంగ్లండువి వేరు. పేర్ల పట్టికలు పక్కపక్కన పెట్టుకుంటే ఒక్క పేరూ కలవకపోవచ్చు. పేరుతో నిమిత్తం లేకుండా, మొక్క బ్రతికే తీరునుబట్టి కొలిచే సాధనం కావలసివచ్చింది. దానిని ఇచ్చినవాడు డెన్మార్క్ దేశీయుడైన క్రిస్టెన్ రాన్‌కియేర్.

ఈయన 1860లో పశ్చిమ జట్లండులో, పొదలు తప్ప చెట్టు ఎదగని బీడుభూముల నడుమ ఒక చిన్న కమతంలో పుట్టాడు. ఆ కమతం పేరు రాన్‌కియేర్. తరువాత ఆయన దానినే తన ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో, వృక్షావరణశాస్త్రానికి ఆద్యుడనదగిన యూజెన్ వార్మింగ్ తరువాత కొంతకాలానికి ఆచార్యపదవి పొందాడు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఈయన ప్రతిపాదించిన ఊహ ఎంత సులువైనదంటే, ఇంతకుముందు ఎవరికీ ఎందుకు తట్టలేదా అనిపిస్తుంది. మొక్కకు ఏడాదిలో ఒక గడ్డుకాలం ఉంటుంది. శీతలదేశాల్లో అది చలికాలం, మన దేశంలో ఎండాకాలం. మళ్ళీ మంచికాలం రాగానే చిగిర్చవలసిన మొగ్గను అంతవరకు బ్రతికించుకోవాలి. ఆ మొగ్గ నేలకు ఎంత ఎత్తున, లేదా ఎంత లోతున ఉన్నదో చూస్తే చాలు, మొక్క ఏ తరగతిదో చెప్పవచ్చు. ఈ తరగతులకే జీవరూపాలని పేరు.

మన ఊరి మొక్కలతోనే చెప్పుకుందాం. వేప, మర్రి, రేగు, జిల్లేడు తమ మొగ్గలను గాలిలో, నేలకు పావు మీటరుకంటె ఎత్తున ధైర్యంగా నిలబెట్టుకుంటాయి. వీటిని ఫానెరోఫైట్లన్నారు, అంటే బాహాటంగా కనిపించే మొగ్గలు కలవి. కొమ్మలమీద పెరిగే మొక్కలను, జెముడు జాతులను కూడా ఇందులోనే చేర్చారు. వెంపలి వంటి పొట్టి మొక్కల మొగ్గలు నేలకు పైనే ఉంటాయి గాని పావు మీటరు దాటవు. ఇవి కామిఫైట్లు. చలిదేశాల్లో వీటికి మంచు దుప్పటిలా కప్పుకుంటుంది. మూడవది దర్భ, వట్టివేరు వంటివి. ఎండాకాలంలో పైభాగమంతా ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, ప్రాణం మాత్రం సరిగ్గా నేలమట్టాన, ఎండుటాకుల మాటున ఉంటుంది. ఇవి హెమిక్రిప్టోఫైట్లు, అంటే సగం దాగినవి. నాలుగవవి పూర్తిగా దాగినవి, క్రిప్టోఫైట్లు. కంద, తుంగ భూమిలో దుంపగా దాగుతాయి. తామర, కలువ నీటి అడుగున బురదలో దాగుతాయి. తుంగను ఎన్నిసార్లు పీకినా మళ్ళీ ఎందుకు వస్తుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఇక అయిదవవి అసలు మొగ్గనే ఉంచుకోవు. పల్లేరు, తుమ్మి వానకు మొలిచి, పూచి, కాచి, చచ్చిపోతాయి. గడ్డుకాలాన్ని విత్తనంగా గడుపుతాయి. ఇవి థీరోఫైట్లు. మన జొన్న చేను, వరి చేను ఈ తరగతివే.

రాన్‌కియేర్ అంతటితో ఆగలేదు. ప్రపంచ వృక్షజాలం నుండి 1000 జాతులను నమూనాగా తీసి లెక్కవేశాడు. నూటికి 46 ఫానెరోఫైట్లు, 9 కామిఫైట్లు, 26 హెమిక్రిప్టోఫైట్లు, 6 క్రిప్టోఫైట్లు, 13 థీరోఫైట్లు వచ్చినవి. దీనిని సాధారణ వర్ణపటం అన్నాడు. ఏ ప్రాంతపు లెక్క అయినా దీని పక్కన పెట్టి, ఏ తరగతి దీనికంటె ఎక్కువగా ఉన్నదో చూడాలి. డెన్మార్క్‌లో హెమిక్రిప్టోఫైట్లు నూటికి 50. వెస్టిండీస్ దీవులైన సెయింట్ థామస్, సెయింట్ జాన్‌లలో ఫానెరోఫైట్లు 61. కాలిఫోర్నియాలోని మృత్యులోయ అనే ఎడారిలో థీరోఫైట్లు 42. మొక్కల పేర్లు ఒక్కటీ తెలియకపోయినా ఈ అంకెలు చూసి, మొదటిది చలిదేశమనీ రెండవది వేడి తడి దేశమనీ మూడవది ఎడారి అనీ చెప్పవచ్చు. ఆయన వ్యాసాల ఆంగ్లానువాదం 1934లో ఆక్స్‌ఫర్డ్ నుండి గ్రంథరూపంలో వచ్చింది. అప్పటినుండి ప్రపంచమంతటా, మన దేశంలోనూ, పచ్చికలను పరిశీలించే విద్యార్థి మొదట నేర్చుకునే పాఠం ఇదే అయింది.

ఈ కొలతబద్దను పట్టుకొని మళ్ళీ డౌన్ పల్లెకు పోదాం.

రాన్‌కియేర్ ఈ వర్ణపటాన్ని వాతావరణాన్ని కొలవటానికి తయారుచేశాడు. కాని ఒకే వాతావరణంలో, గట్టుకు ఇటు అటు ఉన్న రెండు పొలాల వర్ణపటాలు వేరుగా ఉంటే దానికి కారణం వాన కాదు, చలి కాదు. మనిషి, అతని పశువు. ఏటా దున్నే పొలంలో నేలమట్టపు మొగ్గ నాగలికింద నలిగిపోతుంది. అక్కడ బ్రతకగలిగేది విత్తనంగా కాలం గడిపే థీరోఫైటే. గోధుమ చేలల్లో ఎర్రగా పూచే గసగసాల జాతి మొక్కలు ఇటువంటివి. దున్నటం మానితే ఏళ్ళు గడిచేకొద్దీ ఇవి తగ్గి, నేలమట్టపు మొగ్గలు గలవి నిండుతాయి. గ్రేట్ పక్‌లాండ్స్‌నూ దాని పక్క పొలాన్నీ పోల్చబోయిన డార్విన్ చూడగోరిన మార్పు ఇదే, అయితే దానికి ఆయన కాలంలో పేరు లేదు. గొర్రెలు తరతరాలుగా మేసిన సుద్దవాలుల్లో హెమిక్రిప్టోఫైట్ల రాజ్యం. వాటి నడుమ థైమ్ వంటి పొట్టి కామిఫైట్లు, భూమిలో దుంపలు దాచుకున్న ఆర్కిడ్లు ఉంటాయి. 1862లో డార్విన్ ప్రకటించిన ఆర్కిడ్ల గ్రంథానికి ఆయన ఇంటికి దగ్గరలోని ఇటువంటి వాలు పచ్చికలే వనరు. మేత కూడా ఆగిపోయిన చోట పొదలు, చెట్లు వస్తాయి. వర్ణపటంలో ఫానెరోఫైట్ల అంకె పెరుగుతుంది. నాగలి, పన్ను, ఉపేక్ష - మూడింటికీ మూడు రకాల చేవ్రాళ్ళున్నవి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. డార్విన్ పచ్చికలో చచ్చిన 9 జాతులూ బ్రతికిన 11 జాతులూ దాదాపు ఒకే జీవరూపానికి చెంది ఉండవచ్చు, ఎందుకంటే తరచు కోసే పచ్చికలో ఉండేవి ఎక్కువగా హెమిక్రిప్టోఫైట్లే. అప్పుడు జాతులు సగానికి పడిపోయినా వర్ణపటం కదలదు. జీవరూపం మొక్క గడ్డుకాలం ఎట్లా దాటుతుందో చెబుతుంది గాని, మంచికాలంలో పక్కమొక్కతో ఎట్లా పోరాడుతుందో చెప్పదు. అందుచేత జాతుల సంఖ్య, జీవరూపాల లెక్క రెండూ వేయాలి. ఒకటి వేసి రెండవది మానిన వ్యాసాలు చాలా కనిపిస్తాయి. అవి సగం పనిచేసినట్లే.

నేలమట్టం అనే మాట మీద కూడా డార్విన్ ఒక చిక్కు తెచ్చిపెట్టాడు. ఇంటి దగ్గర ఒక పొలాన్ని 1841లో చివరిసారి దున్నారు. నిండా చెకుముకి రాళ్ళు. ఆయన కొడుకులు దానిని ‘రాళ్ళ పొలం’ అనేవారు, వాలులో పరుగెత్తితే రాళ్ళు గలగలమనేవి. 30 ఏళ్ళు గడిచేసరికి గుర్రం ఈ చివరినుంచి ఆ చివరికి దౌడు తీసినా డెక్కకు ఒక్క రాయి తగలకుండా పచ్చిక అల్లుకున్నది. మరొక పొలంలో 1842 డిసెంబరులో సుద్ద ముక్కలు పరిపించి, 1871 నవంబరులో తవ్వించి చూశాడు. సుద్ద చార 7 అంగుళాల లోతున కనిపించింది. 29 సంవత్సరాల్లో అంత మన్నును అడుగునుంచి తెచ్చి పైన పోసినవి వానపాములు. 1877లో ఆయన స్టోన్‌హెంజ్‌కు కూడా వెళ్ళి, ఎప్పుడో పడిపోయిన మహాశిలలు పచ్చికలోకి ఎంత దిగినవో పరిశీలించాడు. అంటే పచ్చిక రాళ్ళ పక్కన ఉండటమే కాదు, రాళ్ళను మెల్లగా తనలోకి తీసుకుంటుంది. నేలమట్టాన మొగ్గ పెట్టుకున్న మొక్కకు ఆ మట్టమే ఏటా పైకి వస్తుంటే ఎట్లా? డాండిలయన్ వంటివాటి వేళ్ళు ముడుచుకొని మొగ్గను కిందికి లాగగలవు. గడ్డి కొత్త పిలకలను పైకి వేస్తుంది. ప్రతి జాతీ ఈ సర్దుబాటు చేసుకుంటూనే ఉన్నది.

డార్విన్ తరువాత ఆయన లెక్కను పెద్ద ఎత్తున తిరగవ్రాసింది ఒక జబ్బు. సుద్దపచ్చికలను గొర్రెలతోపాటు కుందేళ్ళు కూడా మేసేవి. కుందేళ్ళు రాకుండా కంచె వేస్తే గడ్డి ఏపుగా పెరిగి చిన్న మొక్కలు అణగిపోతవని ఎ. జి. టాన్‌స్లీ, ఆర్. ఎస్. ఆడమ్సన్ 1925లో ప్రకటించిన పరిశీలనల్లో చూపారు. ఈ టాన్‌స్లీయే తరువాత పదేళ్ళకు ‘ఎకోసిస్టమ్’ అనే మాటను లోకానికి ఇచ్చినవాడు. వారు కొన్ని గజాల కంచెలో చూపినది 1953 తరువాత దేశమంతటా జరిగింది. ఆ సంవత్సరం మిక్సొమటోసిస్ అనే కుందేళ్ళ వ్యాధి బ్రిటన్‌లో అడుగుపెట్టింది. మొదట కనిపించినది కెంట్ మండలంలోనే, డౌన్ పల్లెకు దూరం కాని ప్రదేశంలో. రెండేళ్ళలో దేశంలోని కుందేళ్ళు నూటికి 95కు పైగా చచ్చిపోయినవి. మొదటి వేసవుల్లో ఎన్నడూ చూడనన్ని పువ్వులు పూచినవి. ప్రకృతిప్రియులు సంతోషించారు. తరువాత ముతకగడ్డి కమ్ముకున్నది, దాని వెనక ముళ్ళపొదలు వచ్చినవి.

ఆ మార్పుకు బలి అయిన వాటిలో ‘లార్జ్ బ్లూ’ అనే నీలి సీతాకోకచిలుక ఒకటి. దీని గొంగళిపురుగు మొదట థైమ్ పువ్వులు తిని, తరువాత ఒక రకం ఎర్రచీమల పుట్టలో చేరి చీమపిల్లలను తింటూ పెరుగుతుంది. ఆ చీమకు వెచ్చని నేల కావాలి. గడ్డి ఒక అంగుళం మించి పెరిగితే నేలమీద ఎండ పడక చల్లబడి, ఆ చీమ తొలగిపోయి, దాని చోటికి మరొక చీమ వస్తుంది. ఈ సంగతి తెలియక పూర్వం, సీతాకోకచిలుకలను పట్టుకునేవారు రాకుండా కంచెలు వేసి దీనిని రక్షించబోయిన చోట్లున్నవి. కంచె మనుషులతోపాటు పశువులను కూడా ఆపింది. 1979లో ఈ సీతాకోకచిలుక బ్రిటన్‌లో అంతరించింది. కారణం కనుగొన్న తరువాత, 1983 నుండి స్వీడన్ నుంచి తెచ్చి, మేత ఏర్పాటు చేసిన పచ్చికల్లో మళ్ళీ వదిలారు, నిలబడింది. మొక్కల జీవరూపం మారటం ఒక్క మొక్కల వ్యవహారం కాదని చూపటానికి నేను తరగతిలో ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

జబ్బుకంటె ఎక్కువ నష్టం చేసినవి నాగలి, ఎరువు. రెండవ ప్రపంచయుద్ధంలో తిండిగింజల కోసం, తరువాత దిగుబడి కోసం ఇంగ్లండు, వేల్స్‌ల పాత పచ్చికలను దున్నారు, లేదా రోథమ్‌స్టెడ్ మళ్ళవలె ఎరువుతో నింపారు. 1930ల తొలి సంవత్సరాల నుండి 1984 వరకు పల్లపు ప్రాంతాల సహజమైన పచ్చికల్లో నూటికి 97 వంతులు పోయినవని అంచనా. మిగిలినవాటిలో చాలా భాగం ఎవరూ దున్నటానికి వీలులేని చోట్ల, నిటారు వాలుల్లో, సైనిక భూముల్లో, పాత కోటల ఆవరణల్లో, శ్మశానాల్లో ఉన్నవి. చారిత్రక ప్రదేశాలు రాళ్ళతోపాటు, ఎవరూ తలపెట్టకుండానే, పచ్చికలను కూడా కాపాడినవి.

ఉపాధ్యాయులు ఈ లెక్కను పాఠశాల ఆవరణలోనే వేయించవచ్చు. దగ్గరలో పాత కోటో చెరువుగట్టో ఉంటే మరీ మంచిది. వెదురుబద్దలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చట్రం కట్టించండి. పశువులు మేసే చోట, కంచె లోపల మేయని చోట, దున్ని వదలిన చోట దానిని పదేసిసార్లు కళ్ళు మూసుకొని విసిరి, అది పడినచోటల్లా ఉన్న జాతులను వ్రాయించండి. పేరు తెలియని మొక్కకు ఒక అంకె ఇచ్చి, ఎండబెట్టి కాగితానికి అంటించి ఉంచితే చాలు. తరువాత ప్రతి మొక్కను నేలదగ్గర చీల్చి మొగ్గ ఎక్కడున్నదో చూడాలి. అయితే మన దేశంలో ఒక్కసారి లెక్కవేస్తే తప్పుదారి పడతాం. వానలు పడిన నెలన్నరకు థీరోఫైట్లు నేలంతా కమ్ముతాయి. ఫిబ్రవరిలో చూస్తే వాటి పుల్లలు కూడా ఉండవు, దర్భ, తుంగ, వెంపలి మిగులుతాయి. అందుచేత ఆగస్టులో ఒకసారి, శీతాకాలం చివర ఒకసారి లెక్కించి రెండూ కలపాలి. చలిదేశాల పాఠ్యగ్రంథాల్లో ఈ జాగ్రత్త అంతగా కనిపించదు, ఎందుకంటే అక్కడ దీని అవసరం తక్కువ.

డౌన్ హౌస్ డార్విన్ తరువాత కొంతకాలం బాలికల పాఠశాలగా ఉండి, 1929లో ప్రజల దర్శనార్థం తెరవబడింది. 1996లో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చేతికి వచ్చింది. ఇదే సంస్థ తన ఆధీనంలోని 100 చారిత్రక ప్రదేశాల్లో పచ్చికలను పదేళ్ళలో పునరుద్ధరిస్తామని 2023లో ప్రకటించింది. స్టోన్‌హెంజ్ చుట్టూ సాగులో ఉన్న భూములను తిరిగి సుద్దపచ్చికగా మార్చే పనిని నేషనల్ ట్రస్ట్ అనే మరొక సంస్థ 2000 నుండి చేస్తున్నది. ఇటువంటి పనుల్లో పాటించే పద్ధతి మన రైతుకు విచిత్రంగా తోచవచ్చు. ఎరువు వేయరు. కోసిన గడ్డిని అక్కడ కుళ్ళనివ్వక బయటికి మోయిస్తారు, నేల సారం తగ్గటానికి. దానితోపాటు ‘ఎల్లో రాటిల్’ అనే పసుపు పువ్వుల మొక్క విత్తనాలు చల్లుతారు. ఇది పక్కనున్న గడ్డి వేళ్ళనుంచి ఆహారం లాగుకొనే సగం పరాన్నజీవి. బలసిన గడ్డిని ఇది నీరసింపజేస్తే చిన్న మొక్కలకు చోటు దొరుకుతుంది. శాశ్వతమైన మొగ్గలు గల మొక్కల నడుమ ఇది ఏడాదికి చచ్చి, విత్తనంగా చలికాలం గడిపే థీరోఫైటు. ఆ విత్తనం కూడా మట్టిలో ఎక్కువకాలం నిలవదు. అందుకని ఆ పచ్చికలను కోసేవారు వేసవి చివరదాకా ఆగి, కాయలు ఎండి లోపల గింజలు గలగలలాడటం విన్న తరువాతనే కొడవలి పెడతారు. రెండేళ్ళు వరుసగా తొందరపడి ముందే కోస్తే మూడవ ఏట ఆ మొక్క కనిపించదు.